వాతావరణ ముప్పు, అనిశ్చితి: నిధులతో కూడిన డాక్టరేట్ శిక్షణ

వాతావరణ మార్పు వల్ల మనుషులకు, పంటలకు, ఆస్తులకు, ప్రకృతి వ్యవస్థలకు కలగగల నష్టాన్ని అంచనా కట్టడం, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో లెక్క తేల్చడం, పూర్తి సమాచారం లేకపోయినా నిర్ణయం తీసుకునే పద్ధతులు రూపొందించడం ఈ శిక్షణలోని మూడు ప్రధానాంశాలు. నిధులు ఇచ్చే సంస్థ విద్యార్థికి నెలనెలా భృతి చెల్లిస్తుంది. చాలా పథకాల్లో ఫీజు, ప్రయాణ ఖర్చులు, కంప్యూటర్ సదుపాయం కూడా భరిస్తుంది. విద్యార్థి మూడు నుంచి ఐదేళ్లలో సిద్ధాంత గ్రంథం సమర్పించి పీహెచ్‌డీ పట్టా పొందుతాడు. సాధారణ పీహెచ్‌డీలో ఒక విద్యార్థి ఒక గైడు దగ్గర ఒకే శాస్త్రంలో పనిచేస్తాడు. ఇక్కడ భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, జలవనరుల ఇంజనీరింగు, అర్థశాస్త్రం చదివినవారు ఒకే బ్యాచ్‌గా చేరి, ఉమ్మడి పాఠ్యక్రమం పూర్తిచేసి, ఆపై ఎవరి పరిశోధన వారు చేసుకుంటారు. బ్రిటన్, ఐరోపా సమాఖ్య, జర్మనీ, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఈ తరహా కేంద్రాలు ఉన్నాయి. భారతదేశంలో ఇదే రంగంలో పరిశోధన ఎక్కువగా వ్యక్తిగత ఫెలోషిప్‌ల ద్వారా సాగుతోంది.

ప్రధాన భావనలు

*ముప్పు*

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1988లో ఏర్పడిన వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, ముప్పును మూడు అంశాల కలయికగా చూస్తుంది. మొదటిది ఆపద: తుఫాను, వరద, వడగాలి, కరవు వంటి ఘటన. రెండోది తాకిడి పరిధి: ఆ ఆపద దారిలో ఉన్న జనం, ఇళ్లు, పొలాలు, ఆస్తులు. మూడోది దుర్బలత: దెబ్బ తగిలినప్పుడు తట్టుకోలేని స్థితి. ఒక తీరప్రాంత గ్రామాన్ని తీసుకుంటే తుఫాను గాలి వేగం, ఉప్పెన ఎత్తు ఆపద కిందకి వస్తాయి. ఒడ్డున ఎన్ని ఇళ్లు, ఎన్ని పడవలు, ఎన్ని కరెంటు స్తంభాలు ఉన్నాయన్నది తాకిడి పరిధి. అవి పూరిళ్లా డాబాలా, తుఫాను షెల్టర్ నడక దూరంలో ఉందా లేదా అన్నది దుర్బలత. 2012లో విపరీత ఘటనలపై వెలువడిన ప్రత్యేక నివేదిక, ఆ తర్వాత అయిదో మదింపు నివేదిక ఈ చట్రాన్ని స్థిరపరిచాయి. మనం చేపట్టే నివారణ, అనుసరణ చర్యలే కొత్త ముప్పులు తేగలవన్న అంశాన్ని ఆరో మదింపు నివేదిక దీనికి చేర్చింది.

*అనిశ్చితి మూలాలు*

వాతావరణ అంచనాల్లో అనిశ్చితి మూడు చోట్ల నుంచి వస్తుందని ఎడ్ హాకిన్స్, రోవన్ సటన్ 2009లో ప్రచురించిన వ్యాసంలో విభజించి చూపారు. ఎల్ నినో వంటి సహజమైన ఎగుడుదిగుడుల వల్ల వచ్చేది అంతర్గత చలనం. ఒకే ఉద్గారాలకు వేర్వేరు కంప్యూటర్ నమూనాలు వేర్వేరు ఫలితాలు ఇవ్వడం వల్ల వచ్చేది నమూనా అనిశ్చితి. భవిష్యత్తులో ప్రపంచం ఎంత కర్బనం వదులుతుందో తెలియకపోవడం వల్ల వచ్చేది దృశ్యక్రమ అనిశ్చితి. ఒక ప్రాంతానికి రాబోయే పది ఇరవై ఏళ్ల అంచనాలో మొదటిదాని వాటా ఎక్కువ. శతాబ్దం చివరినాటి భూగోళ ఉష్ణోగ్రత అంచనాలో మూడోదాని వాటా ఎక్కువ.

*గాఢ అనిశ్చితి*

సంభావ్యతను లెక్కగట్టగలిగిన పరిస్థితినీ, లెక్కగట్టలేని పరిస్థితినీ వేరుచేసి చూడాలని ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో ప్రతిపాదించాడు. సంభావ్యత ఎంతో, ఏ నమూనా సరైనదో, ఏ ఫలితానికి ఎంత విలువ ఇవ్వాలో నిపుణుల మధ్యే అంగీకారం లేని పరిస్థితిని నేడు గాఢ అనిశ్చితి అంటున్నారు. అంటార్కిటికా మంచు పలకలు ఎంత వేగంగా కరిగి సముద్ర మట్టాన్ని పెంచుతాయన్న ప్రశ్న దీనికి తరచూ ఇచ్చే ఉదాహరణ.

*అనిశ్చితిని చెప్పే భాష*

ఐపీసీసీ నివేదికల్లో ప్రతి ప్రధాన వాక్యానికీ నమ్మకపు స్థాయినో, సంభావ్యత స్థాయినో జతచేస్తారు. 2010లో వెలువడిన మార్గదర్శక పత్రం ప్రకారం ‘జరిగే అవకాశం ఉంది’ అంటే 66 నుంచి 100 శాతం. ‘జరిగే అవకాశం చాలా ఎక్కువ’ అంటే 90 నుంచి 100 శాతం. ‘దాదాపు నిశ్చయం’ అంటే 99 నుంచి 100 శాతం. ఈ కొలమానంతో చదవడం, రాయడం డాక్టరేట్ శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి.

చరిత్ర

*శాస్త్ర నేపథ్యం*

వాతావరణాన్ని ముందుగా అంచనా వేసే ప్రయత్నాల్లో భారతదేశానికి పాత స్థానమే ఉంది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ విభాగం 1880ల నాటికే రుతుపవనాలపై ముందస్తు అంచనాలు మొదలుపెట్టింది. 1904లో ఆ విభాగం అధిపతిగా వచ్చిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్ రుతుపవనాల రహస్యం కోసం ప్రపంచవ్యాప్త పరిశీలనల మధ్య గణాంక సంబంధాలు వెతుకుతూ దక్షిణ డోలనాన్ని గుర్తించాడు.

ఆరంభ స్థితిలో అతి చిన్న తేడా ఉన్నా కొన్నాళ్లకు వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టగలదని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపాడు. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కర్బన డయాక్సైడు రెట్టింపైతే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో నమూనాతో లెక్కించారు. 1979లో జూల్ చార్నీ అధ్యక్షతన అమెరికాలో వెలువడిన నివేదిక ఆ పెరుగుదల 1.5 నుంచి 4.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవచ్చంది. 2021 నాటి ఆరో మదింపు నివేదికకు గాని ఆ పరిధి 2.5 నుంచి 4 డిగ్రీలకు కుదించుకుపోలేదు. ఉత్తమ అంచనా 3 డిగ్రీలు. మనాబే, క్లౌస్ హాసెల్‌మన్, జార్జియో పరీసీలకు 2021 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా 2003లో మొదలైన క్లైమేట్ ప్రిడిక్షన్ డాట్ నెట్ ప్రాజెక్టు వేలాది మంది సాధారణ పౌరుల ఇంటి కంప్యూటర్ల మీద వాతావరణ నమూనాను నడిపింది. నమూనాలోని పరామితులను కొద్దికొద్దిగా మార్చితే, కర్బన డయాక్సైడు రెట్టింపైనప్పటి ఉష్ణోగ్రత పెరుగుదల 2 డిగ్రీల లోపు నుంచి 11 డిగ్రీల పైదాకా రావచ్చని 2005లో వచ్చిన ఆ ఫలితాలు చూపాయి. ఒక్క ఉత్తమ నమూనా మీద ఆధారపడకుండా నమూనాల గుంపును పరిశీలించే ధోరణికి ఇది బలమిచ్చింది. 2009లో బ్రిటన్ విడుదల చేసిన యూకేసీపీ09 అంచనాలు దేశస్థాయిలో సంభావ్యతల రూపంలో వెలువడ్డాయి.

*సమాజం నుంచి గిరాకీ*

1992లో ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ హరికేన్ పలు బీమా కంపెనీలను దివాలా తీయించింది. గత నష్టాల సగటు మీద ప్రీమియం నిర్ణయించే పాత పద్ధతి స్థానంలో, వేలాది ఊహాజనిత తుఫానులను కంప్యూటర్‌లో పుట్టించి నష్టం లెక్కకట్టే విపత్తు నమూనాలు వేగంగా వ్యాపించాయి. బ్రిటన్ 2008లో చేసిన వాతావరణ మార్పు చట్టం అయిదేళ్లకోసారి జాతీయ ముప్పు మదింపును తప్పనిసరి చేసింది. తొలి మదింపు 2012లో వచ్చింది.

2015 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ లండన్ లాయిడ్స్ బీమా విపణిలో ప్రసంగిస్తూ వాతావరణ మార్పు ఆర్థిక స్థిరత్వానికి ముప్పని హెచ్చరించాడు. అదే ఏడాది పారిస్ ఒప్పందం కుదిరింది. వాతావరణ సంబంధిత ఆర్థిక ముప్పుల వెల్లడిపై కార్యదళం కూడా ఆ ఏడాదే ఏర్పడి 2017లో సిఫార్సులు ఇచ్చింది. 2017 డిసెంబరులో కేంద్ర బ్యాంకులు, నియంత్రణ సంస్థలు కలిసి ఎన్‌జీఎఫ్‌ఎస్ అనే వేదిక ఏర్పాటు చేసుకున్నాయి. భారతీయ రిజర్వు బ్యాంకు 2021లో అందులో చేరింది. వాతావరణ నమూనాలు, బ్యాలెన్స్ షీటు రెండూ చదవగలిగినవారి అవసరం దీంతో పెరిగింది.

*శిక్షణ వ్యవస్థ రూపుదిద్దుకోవడం*

బ్యాచ్‌గా చేర్చుకుని శిక్షణ ఇచ్చే డాక్టరేట్ పద్ధతి వాతావరణ రంగానికి బయటే పుట్టింది. జర్మనీ పరిశోధన సంఘం డీఎఫ్‌జీ 1990లో పరిశోధన శిక్షణ బృందాలకు నిధులివ్వడం మొదలుపెట్టింది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1990ల చివర్లో ఐజీఈఆర్‌టీ పేరుతో బహుళశాస్త్ర శిక్షణ పథకం తెచ్చి, 2014లో దాని స్థానంలో ఎన్‌ఆర్‌టీని ప్రవేశపెట్టింది. బ్రిటన్‌లో ఇంజనీరింగ్, భౌతికశాస్త్రాల పరిశోధన మండలి ఈపీఎస్‌ఆర్‌సీ 2000లలో డాక్టోరల్ శిక్షణ కేంద్రాలను నెలకొల్పి తర్వాత విస్తరించింది. వాతావరణ ముప్పుపై పనిచేసే కేంద్రాలు ఈ పునాదుల మీదే వచ్చాయి.

నిధుల నమూనాలు

*బ్రిటన్*

డాక్టరేట్ నిధుల్లో ప్రధాన పాత్ర పరిశోధన మండళ్లది. 1965లో ఏర్పడిన సహజ పర్యావరణ పరిశోధన మండలి ఎన్‌ఈఆర్‌సీ, ఈపీఎస్‌ఆర్‌సీ తదితరాలు 2018 నుంచి యూకేఆర్‌ఐ అనే గొడుగు కిందకి వచ్చాయి. వీటి పథకాలు రెండు రకాలు. ఒక ప్రాంతంలోని విశ్వవిద్యాలయాలు కలిసి విస్తృత విషయాలపై నడిపేవి శిక్షణ భాగస్వామ్యాలు. ఒకే ఇరుకైన అంశానికి కట్టుబడినవి శిక్షణ కేంద్రాలు. రెడింగ్, సర్రే విశ్వవిద్యాలయాల సినారియో మొదటి రకానికి ఉదాహరణ. రెండో రకంలో ఇంపీరియల్ కాలేజీ, రెడింగ్ కలిసి నడిపిన భూగోళ గణితశాస్త్ర శిక్షణ కేంద్రం, క్రాన్‌ఫీల్డ్ తదితర విశ్వవిద్యాలయాల డ్రీమ్, పర్యావరణ ముప్పులకు కృత్రిమ మేధను అన్వయించే కేంబ్రిడ్జ్ ఏఐ4ఈఆర్ ఉన్నాయి.

యూకేఆర్‌ఐ నిర్దేశించిన కనీస భృతి 2024-25 విద్యా సంవత్సరానికి 19,237 పౌండ్లు, 2025-26కు 20,780 పౌండ్లు. సాధారణంగా దీనిపై ఆదాయపు పన్ను ఉండదు. 2021 నుంచి విదేశీ విద్యార్థులూ పూర్తి నిధులకు అర్హులే. అయితే వారి వాటా చేరికల్లో 30 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు.

*ఐరోపా సమాఖ్య*

మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పథకం కింద డాక్టోరల్ నెట్‌వర్కులకు నిధులిస్తారు. వేర్వేరు దేశాల సంస్థలు కూటమిగా ఏర్పడి దరఖాస్తు చేస్తాయి. విద్యార్థి ఇక్కడ ఉద్యోగ ఒప్పందం మీద జీతం తీసుకునే ఉద్యోగి. నియామకానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో నివసించి ఉండకూడదు. ఈ నియమం వల్ల ఎవరైనా అప్పటిదాకా నివసిస్తున్న దేశంలో కాక మరో దేశంలో చేరాల్సిందే. జాతీయతపై ఆంక్ష లేదు కాబట్టి భారతీయులూ పోటీపడవచ్చు. స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయం సమన్వయంతో ఐరోపా విపరీత వాతావరణంపై నడిచిన ఎడిపీ, వాతావరణ వ్యవస్థలోని కీలక మలుపులపై నడిచిన క్రిటికల్ ఎర్త్ ఈ పథకం కింద వచ్చినవే.

*జర్మనీ*

డీఎఫ్‌జీ శిక్షణ బృందాలకు గరిష్ఠంగా తొమ్మిదేళ్లు నిధులు అందుతాయి. పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయంలో 2015లో మొదలైన నాట్‌రిస్క్‌ఛేంజ్ సహజ విపత్తుల ముప్పులు కాలంతో ఎలా మారతాయో అధ్యయనం చేసింది. హాంబర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ వాతావరణశాస్త్ర సంస్థ భూవ్యవస్థ నమూనాలపై అంతర్జాతీయ పరిశోధన పాఠశాలను నడుపుతోంది. హాసెల్‌మన్ ఆ సంస్థకు తొలి డైరెక్టరు.

*అమెరికా, ఆస్ట్రేలియా*

అమెరికాలో చాలామంది విద్యార్థులు బోధన సహాయకులుగానో, పరిశోధన సహాయకులుగానో పనిచేస్తూ భృతి పొందుతారు. 1952 నుంచి అమల్లో ఉన్న నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఫెలోషిప్ అయిదేళ్ల వ్యవధిలో మూడేళ్లు భృతి ఇస్తుంది. ఇది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. రట్గర్స్ విశ్వవిద్యాలయం ఎన్‌ఆర్‌టీ నిధులతో తీరప్రాంత వాతావరణ ముప్పుపై సీ2ఆర్2 అనే శిక్షణ నడిపింది. ఆస్ట్రేలియాలో ఈ బాధ్యత పరిశోధన విశిష్ట కేంద్రాలది. న్యూసౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2017లో మొదలైన వాతావరణ విపరీతాల విశిష్ట కేంద్రం అనేక విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులకు ఉమ్మడి శిక్షణ ఇచ్చింది.

*భారతదేశం*

భారతదేశంలో నిధులు ప్రధానంగా వ్యక్తికి వస్తాయి. యూజీసీ, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష ద్వారా ఎంపికైన జూనియర్ రిసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు, అదనంగా ఇంటి అద్దె భత్యం అందుతాయి. 2018లో ప్రకటించిన ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్‌లో తొలి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, చివరి రెండేళ్లు 80,000 రూపాయలు, వీటికి తోడు ఏటా రెండు లక్షల పరిశోధన గ్రాంటు ఉన్నాయి.

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థ, ఐఐటీఎం, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ తరఫున శిక్షణ కార్యక్రమం నిర్వహిస్తోంది. ప్రపంచ నమూనాల పోలిక ప్రాజెక్టు సీఎంఐపీ ఆరో దశకు భారత్ నుంచి వెళ్లిన భూవ్యవస్థ నమూనా ఈ సంస్థదే. బెంగళూరు ఐఐఎస్‌సీలో దివేచా కేంద్రం, ఐఐటీ బొంబాయిలో వాతావరణ అధ్యయనాల కేంద్రం, ఐఐటీ ఢిల్లీలో వాతావరణ శాస్త్రాల కేంద్రం పీహెచ్‌డీలు ఇప్పిస్తున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఐఐటీ హైదరాబాద్‌లో వాతావరణ మార్పు విభాగం, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్రశాస్త్ర విభాగం ఈ కోవలోకి వస్తాయి. సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్, మెట్ట సాగు పరిశోధన సంస్థ క్రీడా, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వీటి పరిధిలోని సముద్రం, మెట్ట సాగు, ఉపగ్రహ చిత్రాలు మూడూ ముప్పు పరిశోధనకు ముడిసరుకే.

శిక్షణ తీరు

*ఎంపిక.* గణితం, భౌతికశాస్త్రం, ఇంజనీరింగు, భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, కంప్యూటర్ సైన్సు చదివినవారు దరఖాస్తు చేయవచ్చు. ఇంటర్వ్యూలో విషయజ్ఞానంతో పాటు, తెలియని శాస్త్రం నేర్చుకునే సంసిద్ధతను చూస్తారు. కొన్ని కేంద్రాలు ముందే నిర్ణయించిన అంశాలను ప్రకటిస్తాయి. మరికొన్ని మొదటి ఏడాది ముగిశాక అంశం ఎంచుకోనిస్తాయి.

*మొదటి ఏడాది.* భూగోళ గణితశాస్త్ర కేంద్రం, ఏఐ4ఈఆర్ వంటివి ‘ఒకటి ప్లస్ మూడు’ పద్ధతిని పాటించాయి: ఒక ఏడాది మాస్టర్ ఆఫ్ రిసెర్చ్, ఆపై మూడేళ్లు పీహెచ్‌డీ. ఎన్‌ఈఆర్‌సీ భాగస్వామ్యాల్లో ఎక్కువగా నేరుగా పీహెచ్‌డీలో చేరి, తొలి నెలల్లో కోర్సులు పూర్తిచేస్తారు. గణితం చదివి వచ్చినవారికి రుతుపవనాల గతిశాస్త్రం, వాతావరణశాస్త్రం చదివి వచ్చినవారికి సంభావ్యత సిద్ధాంతం, ఇద్దరికీ ఆర్థికశాస్త్ర మూలాలు నేర్పుతారు.

*పర్యవేక్షణ.* కనీసం ఇద్దరు గైడ్లు ఉంటారు. వీరు వేర్వేరు విభాగాలవారై ఉండాలని చాలా కేంద్రాలు కోరతాయి. మూడో వ్యక్తి తరచూ బయటి భాగస్వామి సంస్థ నుంచి వస్తారు.

*భాగస్వామ్య నియామకం.* వాతావరణ విభాగం, బీమా కంపెనీ, నదీ నిర్వహణ సంస్థ, కేంద్ర బ్యాంకు, స్వచ్ఛంద సంస్థ వంటి చోట్ల విద్యార్థి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పనిచేస్తాడు. ఐరోపా నెట్‌వర్కుల్లో ఈ కాలం మొత్తం ఫెలోషిప్‌లో మూడో వంతు దాకా ఉండవచ్చు.

*మూల్యాంకనం.* మొదటి లేదా రెండో ఏడాది చివర పురోగతి సమీక్ష ఉంటుంది. చివర సిద్ధాంత గ్రంథం, మౌఖిక పరీక్ష. ప్రచురితమైన లేదా ప్రచురణకు సిద్ధమైన మూడు నాలుగు వ్యాసాలనే గ్రంథంగా కూర్చడానికి చాలా విశ్వవిద్యాలయాలు అనుమతిస్తున్నాయి.

బోధించే పద్ధతులు

*విపరీత విలువల సిద్ధాంతం.* సగటుకు బాగా దూరంగా ఉండే అరుదైన ఘటనలను లెక్కగట్టే గణాంకశాస్త్రం ఇది. వందేళ్లకోసారి వచ్చే వరద అంటే వందేళ్లకు ఒకే ఒక్కసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా రావడానికి ఒక శాతం అవకాశం ఉందని. ముప్పయ్యేళ్ల గృహరుణ కాలంలో ఆ ఇంటికి అలాంటి వరద ఒక్కసారైనా తగిలే అవకాశం సుమారు 26 శాతం. అయితే నదీ ప్రవాహ రికార్డు యాభై ఏళ్లదే ఉంటే వందేళ్ల వరద ఎత్తును రికార్డుకు అవతలికి పొడిగించి ఊహించాలి. పైగా వాతావరణమే మారుతుంటే, ఏటా అదే ఒక శాతం అన్న ఊహ నిలవదు.

*నమూనా సమూహాలు.* ఒకే నమూనాను ఆరంభ స్థితులు మార్చి అనేకసార్లు నడపడం, పలు దేశాల నమూనాలను పోల్చడం, పరామితులు మార్చి చూడడం ఇందులో భాగం. భారీ నమూనాను అన్నిసార్లు నడపడం ఖరీదు కాబట్టి దాని ప్రవర్తనను అనుకరించే చిన్న గణాంక నమూనాలు తయారుచేయడం కూడా నేర్పుతారు. బేయీసియన్ పద్ధతులు, యంత్ర అభ్యసనం ఇక్కడ ఉపయోగపడతాయి.

*కారణ నిర్ధారణ.* ఒక ఘటన వెనుక మానవ ప్రభావం ఎంతో తేల్చడానికి, కర్బనం పెరిగిన ప్రపంచాన్నీ పెరగని ప్రపంచాన్నీ నమూనాల్లో పోల్చుతారు. 2003 ఐరోపా వడగాలిపై పీటర్ స్టాట్ బృందం 2004లో ప్రచురించిన వ్యాసం దీనికి ఆద్యం.

*కథాక్రమ పద్ధతి.* సంభావ్యత తేలని చోట, భౌతికంగా సాధ్యమైన కొన్ని పరిణామాలను ఒక్కొక్కటిగా తీసుకుని వాటి పర్యవసానాలు పరిశీలిస్తారు. రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన థియోడర్ షెపర్డ్ తదితరులు 2018లో దీన్ని వివరంగా ప్రతిపాదించారు.

*నిర్ణయ శాస్త్రం.* ఒక్క ఊహించిన భవిష్యత్తుకు అత్యుత్తమమైన పథకం కాకుండా, అనేక భవిష్యత్తుల్లో తట్టుకుని నిలిచే పథకాన్ని ఎంచుకునే పద్ధతులను రాండ్ సంస్థకు చెందిన రాబర్ట్ లెంపర్ట్ తదితరులు 2003 నుంచి ప్రచారంలోకి తెచ్చారు. లండన్‌ను వరద నుంచి కాపాడే థేమ్స్ నదీముఖ 2100 ప్రణాళిక ఇదే తరహా ఆలోచనతో వచ్చింది. సముద్ర మట్టం ఒక స్థాయికి చేరితే ఏ పని మొదలుపెట్టాలో, మరో స్థాయికి చేరితే ఏ దారికి మళ్లాలో అందులో ముందే గుర్తించారు.

ఒక ఉదాహరణ: 2015 వడగాలులు

2015 మే నెలలో భారతదేశంలో వడదెబ్బకు 2,000 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారు. ఈ ఘటనపై వచ్చిన రెండు అధ్యయనాలు అనిశ్చితి శిక్షణ ఎందుకు అవసరమో చూపిస్తాయి.

మైఖేల్ వెనర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం హైదరాబాద్, కరాచీ నగరాలను తీసుకుంది. ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమను కూడా కలిపిన ఉష్ణ సూచికను పరిశీలించి, మానవ కారక వాతావరణ మార్పు ఆ వడగాలుల తీవ్రతను పెంచిందని తేల్చింది. ఐఐటీ ఢిల్లీ శాస్త్రవేత్త కూడా ఈ బృందంలో ఉన్నారు.

గీర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బోర్గ్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం 2015 తెలుగు రాష్ట్రాల వడగాలులను, 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీల ఉష్ణోగ్రతను చూసింది. ఏడాదిలో అత్యధిక పగటి ఉష్ణోగ్రత విషయంలో 1970ల తర్వాత దేశంలో చాలాచోట్ల పెరుగుదల ధోరణి కనిపించలేదంది. గాలిలోని కాలుష్య కణాలు ఎండను అడ్డుకోవడం, సాగునీటి విస్తరణ వల్ల నేల నుంచి నీరు ఆవిరై చల్లబరచడం దీనికి కారణాలుగా చూపింది. ఈ ప్రక్రియలను అప్పటి నమూనాలు సరిగ్గా చూపలేకపోతున్నాయని, అందువల్ల ఈ ప్రాంతపు వడగాలులకు కారణం తేల్చడానికి అవి పనికిరావని పేర్కొంది. అయితే తేమను కలిపిన సూచికలు మాత్రం పెరిగాయని అదే అధ్యయనం చెప్పింది.

రెండు ఫలితాలూ పైకి విరుద్ధంగా కనిపించినా, కొలిచిన వస్తువు వేరు. ఒంటికి తగిలే ఉక్కను కొలిస్తే ఒక జవాబు, థర్మామీటరులోని గరిష్ఠ అంకెను కొలిస్తే మరో జవాబు. నమూనాలను ఎంతవరకు నమ్మాలన్న తీర్పులోనూ రెండు బృందాలకూ తేడా ఉంది. సూచికను ఎంచుకోవడం, నమూనా లోపాన్ని గుర్తించడం, ఖాళీలున్న రికార్డు పుట్టించే తప్పుడు ధోరణిని వడకట్టడం వంటి నైపుణ్యాలనే ఈ శిక్షణ నేర్పుతుంది.

ప్రాధాన్యం, ఉద్యోగ రంగాలు

పట్టా పొందినవారు విశ్వవిద్యాలయాలు, వాతావరణ విభాగాలు, పునర్బీమా సంస్థలు, విపత్తు నమూనా కంపెనీలు, బ్యాంకులు, రేటింగ్ సంస్థలు, ఇంజనీరింగ్ సలహా సంస్థలు, ప్రభుత్వ శాఖల్లో చేరుతున్నారు. భారతదేశంలో సెబీ 2022-23 నుంచి అగ్రశ్రేణి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరి చేసింది. రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో వాతావరణ ఆర్థిక ముప్పుల వెల్లడిపై ముసాయిదా విడుదల చేసింది. ఉష్ణ కార్యాచరణ ప్రణాళికలు, వాతావరణ ఆధారిత పంట బీమా, నగర వరద పటాలు కూడా ఈ నైపుణ్యం మీద ఆధారపడే రంగాలే.

పరిమితులు, చర్చలు

*కాలవ్యవధి.* మూడున్నర, నాలుగేళ్లలో రెండు మూడు శాస్త్రాలు నేర్చుకుని లోతైన పరిశోధన చేయడం కష్టమని ఒక వాదన. ఒక్కో శాస్త్రంలో పట్టు తగ్గుతుందని విమర్శకులు అంటారు. వేర్వేరు నిపుణులతో కలిసి పనిచేయగల సామర్థ్యమే అసలు లాభమని సమర్థకులు బదులిస్తారు.

*భౌగోళిక అసమానత.* ముప్పు తీవ్రంగా ఉన్న ఉష్ణమండల దేశాల్లో పరిశీలన కేంద్రాలు పలచగా ఉన్నాయి. నిధులు, సూపర్ కంప్యూటర్లు ధనిక దేశాల్లో పోగుపడ్డాయి. దానివల్ల పరిశోధన ప్రశ్నలు కూడా ఆ దేశాల అవసరాల చుట్టూ తిరుగుతాయి. విదేశీ విద్యార్థుల వాటాపై పరిమితి, పౌరసత్వ నిబంధనలు ఈ అంతరాన్ని మరింత పెంచుతాయన్న అభిప్రాయం ఉంది.

*భాగస్వాముల ప్రభావం.* బీమా, ఆర్థిక సంస్థలు నిధులిచ్చినప్పుడు నమూనాలు, డేటా వ్యాపార రహస్యాలుగా మారే అవకాశం ఉంది. ప్రచురణ హక్కు, డేటా బహిరంగతపై ముందుగానే ఒప్పందం రాసుకోవడం దీనికి ఒక పరిష్కారం.

*భృతి.* నగరాల్లో అద్దెలు, ధరల పెరుగుదలతో పోలిస్తే భృతి చాలదన్న ఫిర్యాదు అనేక దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో విద్యార్థి హోదా, ఐరోపా నెట్‌వర్కుల్లో ఉద్యోగి హోదా ఉండడంతో పింఛను, ప్రసూతి సెలవు వంటి హక్కుల్లోనూ తేడా వస్తుంది. భారతదేశంలో ఫెలోషిప్ చెల్లింపుల్లో జాప్యంపై పరిశోధక విద్యార్థులు పలుమార్లు ఆందోళన వ్యక్తం చేశారు.

*సంభావ్యతల వినియోగం.* స్థానిక స్థాయికి సంభావ్యతలు ఇవ్వడంపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. నమూనాలు పంచుకునే ఉమ్మడి లోపాలు అంకెల్లో కనిపించవని, అతి ఖచ్చితమైన అంకె తప్పుడు ధీమా ఇస్తుందని ఒక వర్గం వాదిస్తుంది. అంకె లేకుండా గట్టు ఎత్తు, ప్రీమియం నిర్ణయించడం సాధ్యం కాదని మరో వర్గం అంటుంది. శిక్షణ కేంద్రాల పాఠ్యక్రమాల్లో సంభావ్యత పద్ధతులు, కథాక్రమ పద్ధతులు రెండూ ఉండడానికి ఈ చర్చే కారణం.

ఇవి కూడా చూడండి

ఐపీసీసీ మదింపు నివేదికలు, ఎల్ నినో, దక్షిణ డోలనం, కారణ నిర్ధారణ శాస్త్రం, గాఢ అనిశ్చితిలో నిర్ణయాలు, జాతీయ వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళిక, పునర్బీమా, ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్, మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పథకం, వడగాలులు, విపరీత విలువల సిద్ధాంతం, విపత్తు నమూనాలు.